చీము కాదు, క్షయ కాదు

విజయనగరం జిల్లా గరివిడి, చీపురుపల్లి చుట్టుపక్కల ఊళ్లలో పిల్లాడి బుర్ర మీద బొప్పి కట్టిందంటే ముందు కాపడం పెడతారు. తగ్గకపోతే ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర ఒక ఇంజక్షన్, అయిదు రోజులకు సరిపడా యాంటీబయాటిక్ మాత్రలు. "మొన్న అరుగు మీంచి పడిపోనాడు బాబూ గుంటడు, అదే ఇలగ ఉండిపోనాది" అంటుంది తల్లి. ఆమె మాటలో అబద్ధం లేదు. అయిదేళ్ల పిల్లాడు వారానికోసారైనా ఎక్కడో ఒకచోట పడుతూనే ఉంటాడు. ఏ బొప్పి వెనకైనా వెతికితే ఒక దెబ్బ దొరుకుతుంది.

చిక్కంతా మూడు వారాలు దాటినా తగ్గని బొప్పితోనే. వేలితో తాకితే మెత్తగా ఉంటుంది, చుట్టూ ఎముక అంచు తగులుతుంది. పిల్లాడు మాత్రం ఆడుకుంటూనే ఉంటాడు. విజయనగరం తీసుకెళ్లి ఎక్స్‌రే తీయిస్తే, పుర్రె ఎముకలో అంచులు తేటగా ఉన్న గుండ్రటి ఖాళీ ఒకటి కనిపిస్తుంది. ఎముకను ఏదో తినేసింది. ఏది తినేసింది? అక్కడ అందరికీ ముందు తోచే జవాబు ఇన్ఫెక్షన్. చీము పట్టి ఉంటుంది, లేదా క్షయ అయి ఉంటుంది. ఆ రెండూ కానప్పుడు ఇంటిల్లిపాదికీ నిద్ర పట్టనివ్వని మూడో మాట వస్తుంది: కేన్సర్.

ఈ మూడింట్లో ఏదీ కాని జబ్బు ఒకటుంది. దాని పూర్తి పేరు లాంగర్‌హాన్స్ సెల్ హిస్టియోసైటోసిస్. డాక్టర్లు పొట్టిగా ఎల్‌సీహెచ్ అంటారు. ఎముకకు మాత్రమే పరిమితమైనప్పుడు దానికి పాతకాలం నుంచీ ఇయోసినోఫిలిక్ గ్రాన్యులోమా అనే పేరుంది. పిల్లల్లోనే ఎక్కువ. మగపిల్లల్లో కాస్త ఎక్కువ. ఒక ఎముకలో ఒక చోట మాత్రమే వస్తే దాదాపు అందరూ బాగవుతారు. కొందరిలో ఏ మందూ లేకుండానే ఎముక మళ్లీ పూడుకుంటుంది.

ఇంత మెతక జబ్బు గురించి వ్యాసం ఎందుకంటే, ఇది చేసే హాని కన్నా దీన్ని మరోటి అనుకుని చేసే వైద్యం వల్ల కలిగే హాని కొన్నిసార్లు ఎక్కువ కాబట్టి.

ఎంత అరుదంటే, యూరప్ దేశాల లెక్కల ప్రకారం పదిహేనేళ్ల లోపు పిల్లలు పది లక్షల మంది ఉంటే, ఏడాదికి నలుగురైదుగురిలో బయటపడుతుంది. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి విజయనగరం జిల్లా జనాభా 23 లక్షల పైచిలుకు. అందులో పిల్లలు ఓ ఆరు లక్షల మంది అనుకుని అదే లెక్క వేస్తే, జిల్లా మొత్తానికి ఏడాదికి ఇద్దరు ముగ్గురు. అంటే గరివిడిలో ముప్ఫై ఏళ్లు ప్రాక్టీసు చేసిన డాక్టరు కూడా ఒక్క కేసూ చూడకుండా రిటైరైతే వింతేమీ కాదు. క్షయ అలా కాదు. అది మన జిల్లాల్లో రోజూ కనిపించే జబ్బు. కాబట్టి ఎముకలో చిల్లు చూడగానే డాక్టరుకు క్షయ గుర్తుకు రావడం తప్పేమీ కాదు, రాకపోతేనే తప్పు. తప్పు ఎక్కడంటే, గుర్తొచ్చినదాన్ని రుజువు చేసుకోకుండా ఏడాది పొడవునా మందులు మింగించడంలో.

ఈ పొరపాటు మన ప్రాంతంలో పుట్టింది కాదు. అసలు ఈ జబ్బు వైద్య గ్రంథాల్లోకి అడుగు పెట్టిందే క్షయ పేరుతో. 1893లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఆల్ఫ్రెడ్ హ్యాండ్ అనే యువ డాక్టరు మూడేళ్ల బాబు కేసును అచ్చు వేయించాడు. ఆ బాబుకు కళ్లు ముందుకు పొడుచుకొచ్చాయి. విపరీతమైన దాహం, లెక్కలేనన్ని సార్లు మూత్రం. హ్యాండ్ దాన్ని క్షయ కిందే జమకట్టాడు. ఆ తర్వాత వియన్నాలో షుల్లర్, బోస్టన్‌లో క్రిస్టియన్ అలాంటి పిల్లలనే చూశారు. ముగ్గురి పేర్లూ కలిపి ఆ లక్షణాల గుంపుకు హ్యాండ్-షుల్లర్-క్రిస్టియన్ జబ్బు అని పేరు పడింది. పసికందుల్లో కాలేయం, ప్లీహం ఉబ్బి ప్రాణం తీసే రూపానికి లెటరర్, సివె అనే మరో ఇద్దరి పేర్లు తగిలాయి. ఎముకలో ఒకే ఒక్క మచ్చగా కనిపించే రూపానికి 1940లో న్యూయార్క్ పెథాలజిస్టులు లిక్టెన్‌స్టైన్, జాఫ్ ఇయోసినోఫిలిక్ గ్రాన్యులోమా అని పేరు పెట్టారు. ఒక్క జబ్బుకు ఇన్ని పేర్లూ ఇందరు తండ్రులూ.

ఇవన్నీ ఒకటేనని 1941లో వాదించిన వాళ్లలో ముఖ్యుడు బోస్టన్ పిల్లల ఆసుపత్రి పెథాలజిస్టు సిడ్నీ ఫార్బర్. ఈ పేరు తెలుగు పాఠకులకు మరో దారిలో పరిచయమే. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు లెడర్లీ ప్రయోగశాలలో తన బృందంతో తయారుచేసిన అమినోప్టెరిన్‌ను లుకీమియా పిల్లలకు ఇచ్చి చూసిన డాక్టరు ఆ ఫార్బరే. 1948లో వచ్చిన ఆ నివేదికలో పదహారుమంది పిల్లల్లో పదిమందికి జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గింది. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు చనిపోయారు. అమినోప్టెరిన్‌కు తమ్ముడి వరసైన మెథోట్రెక్సేట్‌ను ఎల్‌సీహెచ్‌లోనూ కొన్ని వైద్య పద్ధతుల్లో వాడారు. సుబ్బారావు ఈ ఎముక జబ్బు మీద పనిచేశారని చెప్పడం లేదు. ఆయన మందును పిల్లల దాకా చేర్చిన చేతులే ఈ జబ్బు చిక్కుముడినీ విప్పడం మొదలుపెట్టాయన్నది మాత్రం నిజం.

ఇంతకీ లాంగర్‌హాన్స్ ఎవరు? బెర్లిన్‌లో 1868 నాటికి ఇరవై ఒక్క ఏళ్ల వైద్య విద్యార్థి. చర్మానికి గోల్డ్ క్లోరైడ్‌తో రంగు వేసి మైక్రోస్కోపులో చూస్తే కొమ్మలు చాచిన కణాలు కనిపించాయి. నరాలకు సంబంధించినవి అనుకున్నాడు. ఆ మరుసటి ఏడాది క్లోమ గ్రంథిలో కణాల గుంపులు చూశాడు. ఇన్సులిన్ పుట్టేది అక్కడే. నేడు షుగర్ గురించి ఏ పాఠ్యపుస్తకం తెరిచినా లాంగర్‌హాన్స్ పేరు కనిపిస్తుంది. చర్మంలోని కణాలు మాత్రం నరాలవి కావు. అవి ఒంటిని కాపలా కాసే రక్షణ వ్యవస్థకు చెందినవని చాలా దశాబ్దాల తర్వాత తేలింది. ఎముకను తినే జబ్బులో కనిపించే కణాలు అచ్చం వాటిలాగే ఉన్నాయని 1973లో ఫ్రాన్స్‌కు చెందిన నెజెలోఫ్ బృందం చూపించింది. అక్కడి నుంచే ఇప్పటి పేరు.

పోలిక ఉంది గానీ పుట్టిల్లు వేరు. ఈ కణాలు చర్మం నుంచి ఎముకలోకి వెళ్లినవి కావు, ఎముక మూలుగలో పుట్టే తొలి రక్తకణాల సంతతి అని ఇప్పుడు అనుకుంటున్నారు. 2010లో బోస్టన్‌లో, ఫార్బర్ పేరే పెట్టుకున్న డేనా-ఫార్బర్ సంస్థ పరిశోధకులు 61 మంది నమూనాలు పరీక్షించి 35 మందిలో బీరాఫ్ అనే జన్యువులో ఒకే రకమైన మార్పు కనిపెట్టారు. ఆ మార్పు తల్లిదండ్రుల నుంచి వచ్చింది కాదు, జబ్బు కణాల్లోనే జరిగింది. అందువల్ల ఇది కేన్సరా కాదా అనే పాత తగువు మళ్లీ రాజుకుంది. కణాలు ఒకే మూలం నుంచి పెరుగుతున్నాయి కాబట్టి శాస్త్రం లెక్కలో ఇది కణితుల కుటుంబమే. ఒకే ఎముకలో ఉన్న జబ్బు మాత్రం కేన్సర్‌లా పాకి ప్రాణం తీయదు. ఇంటివాళ్లకు కావలసింది ఈ రెండో వాక్యం. డాక్టరు దాన్ని ముందుగా చెబితే ఆ కుటుంబం ఆ రాత్రి అన్నం తింటుంది.

ఒకరి నుంచి ఒకరికి అంటుకోదు. దెబ్బ తగలడం వల్ల రాదు, దెబ్బ తగిలినందువల్ల కంటపడుతుందంతే. ఫేకర్ లాంటి ఫెర్రో అల్లాయ్స్ ఫ్యాక్టరీ ఉన్న ఊరు కాబట్టి పొగ వల్ల వచ్చిందా అని గరివిడి తల్లిదండ్రులు అడగడం సహజం. పిల్లల ఎముకల్లో వచ్చే ఈ జబ్బుకు అలాంటి సంబంధం ఉందని తేలలేదు.

ఇన్ఫెక్షన్‌లా ఎందుకు కనిపిస్తుందో కాస్త చూడాలి. ఈ కణాలు ఒంటరిగా ఉండవు. చుట్టూ తెల్ల రక్తకణాలను పోగేస్తాయి. వాటిలో ఇయోసినోఫిల్స్ ఎక్కువ. ఆ గుంపు నుంచి వెలువడే రసాయనాలు ఎముకను కరిగించే కణాలను రెచ్చగొడతాయి. కాబట్టి అక్కడ వాపు, నొప్పి, వేడి. ఒక్కోసారి కొద్దిపాటి జ్వరం. రక్తపరీక్షలో వాపును తెలిపే ఈఎస్‌ఆర్ పెరుగుతుంది. తొడ ఎముకలో వస్తే పిల్లాడు కుంటుతాడు. ఎక్స్‌రేలో ఎముక పైపొర ఉల్లిపొరల్లా లేచి కనిపించవచ్చు. స్టెఫైలోకాకస్ బ్యాక్టీరియా వల్ల ఎముకకు చీము పట్టినా అంతే. పిల్లల ఎముక కేన్సర్లలో ఒక రకమైన యూయింగ్ సార్కోమాలోనూ అంతే. మూడు ఫిల్ములూ పక్కపక్కన పెడితే అనుభవం ఉన్న రేడియాలజిస్టు కూడా ఆగి ఆలోచిస్తాడు.

చెవి వెనక ఎముకలో వస్తే నెలల తరబడి చెవి కారుతుంది. చెవి చీము మన పల్లెల్లో మామూలు విషయం. చుక్కల మందు వేస్తూ ఏళ్లు గడుపుతారు. దవడలో వస్తే పళ్లు కదులుతాయి. పాలపళ్లు ఊడే వయసే కదా అని ఊరుకుంటారు. ఇలా ప్రతిచోటా దీనికి ముందు వరసలో ఇంకా మామూలు కారణం ఒకటి నిలబడి దీన్ని దాచేస్తుంది.

అన్నిటికన్నా ఎక్కువ తికమక వెన్నెముకలో. పిల్లాడు నడుం నొప్పి అంటాడు, వంగి వస్తువు తీయడు. ఎక్స్‌రేలో ఒక వెన్నుపూస అణిగిపోయి నిలబెట్టిన రూపాయి బిళ్లలా కనిపిస్తుంది. 1925లో ఫ్రెంచి డాక్టరు కాల్వే ఇలాంటి అణిగిన పూసలను వర్ణించి, ఎముకకు పోషణ అందక అలా అయిందనుకున్నాడు. వాటిలో చాలావాటికి అసలు కారణం ఈ గ్రాన్యులోమాయేనని తర్వాత తెలిసింది. మన దగ్గర పూస దెబ్బతింటే వెంటనే తట్టేది వెన్ను క్షయ. పర్సివల్ పాట్ అనే బ్రిటిష్ సర్జన్ 1779లో వర్ణించాడు కాబట్టి దాన్ని ఇప్పటికీ పాట్స్ స్పైన్ అంటారు.

ఇక్కడ ఒక మంచి ఆనవాలుంది. క్షయ సాధారణంగా పక్కపక్క పూసలు రెండింటినీ, వాటి మధ్య ఉన్న డిస్క్‌నూ పట్టుకుంటుంది. చుట్టూ చీము గడ్డ కట్టవచ్చు. ఎల్‌సీహెచ్‌లో పూస ఒక్కటే అణుగుతుంది, పైనా కిందా డిస్కులు చెక్కుచెదరవు. ఎమ్మారైలో ఇది బాగా తెలుస్తుంది. అయితే ఆనవాలు రుజువు కాదు. డిస్క్‌ను వదిలేసే క్షయ కూడా ఉంటుంది. ఎల్‌సీహెచ్ అయితే ఒక సంతోషకరమైన సంగతి: చిన్న వయసు పిల్లల్లో, ఇంకా ఎదుగుదల మిగిలి ఉంది కాబట్టి, అణిగిన ఆ పూస కొన్నేళ్లలో చాలావరకు తన ఎత్తు తిరిగి తెచ్చుకుంటుంది. తొందరపడి రాడ్లు, స్క్రూలు వేసే అవసరం చాలామందికి రాదు.

మరి రుజువు ఎలా? ముక్క తీసి చూడడమే. బయాప్సీ. ఎముకల సర్జన్లకు చదువుకునే రోజుల్లోనే ఒక నియమం నూరిపోస్తారు: చీము అనుకున్నదాని ముక్కను పెథాలజీకి పంపు, గడ్డ అనుకున్నదాని ముక్కను కల్చర్‌కి పంపు. అంటే నీ అనుమానానికి ఎదురుగా ఉన్న పరీక్ష కూడా చేయించు. ఎల్‌సీహెచ్ లాంటి జబ్బులు దొరికేది ఈ నియమం పాటించిన చోటే. చీము అనుకుని గీకి కడిగేసి, గీకిన పదార్థాన్ని పారేస్తే, రోగం ఏదో తెలిపే సాక్ష్యం బకెట్లోకి పోయినట్టే. అదే పదార్థంలో ఒక భాగం బ్యాక్టీరియా కల్చర్‌కి, ఒక భాగం క్షయ కోసం జీన్‌ఎక్స్‌పర్ట్‌కి, ఒక భాగం పెథాలజిస్టుకు వెళితే మూడు ప్రశ్నలకూ ఒకేసారి జవాబు వస్తుంది.

పెథాలజిస్టు పని కూడా అంత తేలిక కాదు. ఇయోసినోఫిల్స్, మామూలు వాపు కణాలు గుంపుగా ఉంటే స్లైడు మీద కూడా ఇది ఇన్ఫెక్షన్‌లాగే కనిపించవచ్చు. గుంపు మధ్యలో, కేంద్రకం మీద గాడి ఉన్న కణాల కోసం వెతకాలి. అనుమానం వస్తే సీడీ1ఏ, లాంజెరిన్ అనే రెండు గుర్తుల కోసం ప్రత్యేకమైన రంగు పరీక్ష చేయాలి. అవి పాజిటివ్ వస్తే ఇక సందేహం లేదు. ప్రతి పట్టణంలోని ల్యాబులో ఈ పరీక్ష ఉండదు. అందుకే మైనపు బ్లాకులను పెద్ద కేంద్రానికి పంపిస్తారు.

"కత్తి పెడితే పాకేస్తుంది" అనే భయం ఉత్తరాంధ్రలో ఇప్పటికీ గట్టిగానే ఉంది. చదువుకున్న ఇళ్లలో కూడా. ఈ జబ్బు విషయంలో జరిగేది సరిగ్గా దానికి తలకిందులు. బయాప్సీ కోసం కాస్త గీకినా చాలు, అక్కడి నుంచే ఎముక పూడుకోవడం మొదలయ్యే పిల్లలు చాలామంది. కొందరికి సర్జన్ అదే సమయంలో లోపల స్టెరాయిడ్ ఇంజక్షన్ ఇస్తాడు. మరికొందరికి ఏమీ చేయకుండా కొన్ని నెలలకోసారి ఫిల్ము తీసి చూస్తే చాలు. ఒకప్పుడు రేడియేషన్ కూడా ఇచ్చేవారు. పిల్లల్లో ఇప్పుడు దాన్ని దాదాపు మానేశారు.

ఒకటే ఎముకా, ఎక్కువ చోట్లా అన్నది తేల్చుకోవడం తర్వాతి పని. ఒళ్లంతా ఎక్స్‌రేలు లేదా పెట్ స్కాన్, రక్తపరీక్షలు, కాలేయం, ప్లీహం చూసే అల్ట్రాసౌండ్. తలలో చుండ్రులా కనిపించే మొండి పొక్కులు, తగ్గని చెవి కారడం ఉన్నాయేమో చూస్తారు. ముఖ్యంగా దాహం. పిల్లాడు రాత్రి లేచి లేచి చెంబుల కొద్దీ నీళ్లు తాగుతూ, పక్క తడుపుతూ ఉంటే, జబ్బు మెదడు అడుగున ఉన్న పిట్యూటరీ గ్రంథిని తాకిందని అర్థం కావచ్చు. దీన్ని డయాబెటిస్ ఇన్సిపిడస్ అంటారు. పేరులో డయాబెటిస్ ఉన్నా చక్కెరతో సంబంధం లేదు. హ్యాండ్ 1893లో చూసిన బాబుకు ఉన్నది అదే. కంటి గూడు, చెవి వెనక ఎముక, పుర్రె అడుగు భాగం దెబ్బతిన్న పిల్లల్లో ఈ ప్రమాదం ఎక్కువ. అందుకే అక్కడ ఒక్క మచ్చే ఉన్నా చాలాసార్లు మందులు వాడతారు.

ఆ మందుల్లో మొదటిది మన గోడ పక్కన పూసేదే. బిళ్ళగన్నేరు. దాని ఆకుల కషాయం షుగర్‌కు మంచిదని జమైకాలోనూ తాగేవారు. 1952లో అక్కడి నుంచి కొన్ని ఆకులు కెనడాలోని డాక్టర్ క్లార్క్ నోబుల్‌కు చేరాయి. ఆయన వాటిని తమ్ముడు రాబర్ట్ నోబుల్‌కు పంపాడు. ఎలుకల్లో పరీక్షిస్తే చక్కెర తగ్గలేదు, తెల్ల రక్తకణాలు పడిపోయాయి. ఆ విచిత్రాన్ని వెంటాడి రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ కలిసి వేరు చేసిన రసాయనమే విన్‌బ్లాస్టిన్. 1958లో లోకానికి తెలిపారు. ఎక్కువ చోట్ల జబ్బు ఉన్న పిల్లలకు ఇప్పటికీ తొలి వైద్యం వారానికోసారి నరంలోకి విన్‌బ్లాస్టిన్, దానితో పాటు ప్రెడ్నిసొలోన్ మాత్రలు. ఆరు వారాలకు ఎంత తగ్గిందో చూసి ముందుకు వెళతారు. జబ్బు తిరగబెట్టకుండా మొత్తం ఏడాది పాటు ఇస్తారు. ఈ కథ చదివి ఎవరైనా పెరట్లో ఆకులు కోసి మరిగిస్తారేమోనని ఒక మాట: ఆ మొక్క విషం. నరంలోకి కొలిచి ఎక్కించే మిల్లీగ్రాములకూ, కషాయానికీ పోలికే లేదు.

కాలేయం, ప్లీహం, మూలుగ దెబ్బతిన్న రెండేళ్ల లోపు పిల్లల్లో మాత్రం ఇది ఇప్పటికీ ప్రాణాంతకం కాగలదు. బీరాఫ్ మార్పును అడ్డుకునే మాత్రలు అలాంటి మొండి కేసుల్లో వాడుతున్నారు. గరివిడి బొప్పి ఆ జాతిది కాదు. కానీ రెంటికీ మూలం ఒకటే కాబట్టి ఒకసారి ఒళ్లంతా చూసి తేల్చుకోక తప్పదు.

గరివిడిలో రైలెక్కితే విజయనగరం ఎంతో దూరం కాదు. అక్కడ 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. నెల్లిమర్లలో మహారాజా వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. ఇంకాస్త ముందుకు వెళితే విశాఖలో 1923 నుంచి ఉన్న కింగ్ జార్జ్ ఆసుపత్రి, అగనంపూడిలో టాటా మెమోరియల్ సెంటర్ ఆధ్వర్యంలోని హోమీ భాభా కేన్సర్ ఆసుపత్రి ఉన్నాయి. కేన్సర్ ఆసుపత్రి పేరు వినగానే చాలామంది తల్లిదండ్రులు వెనక్కి తిరుగుతారు. పిల్లల రక్త, కణితి జబ్బులు చూసే డాక్టర్లు ఉండేది అక్కడ కాబట్టి పంపుతారు తప్ప, పంపారంటే కేన్సర్ అని కాదు. ఖర్చు సంగతి ఆసుపత్రిలో ఉండే ఆరోగ్యమిత్రను చేరిన రోజే అడగండి. ప్రభుత్వ ఆరోగ్య పథకం కిందికి వస్తుందో రాదో బయాప్సీ రిపోర్టు చూసి చెబుతారు.

యాంటీబయాటిక్స్ వాడి రెండు మూడు వారాలైనా ఎముక వాపు తగ్గకపోతే, లేదా పరీక్షల్లో రుజువు దొరక్కుండా క్షయ మందులు మొదలుపెడుతున్నామంటే, "ముక్క తీసి పరీక్షకు పంపారా బాబూ?" అని అడగండి. అడగడం అమర్యాద కాదు. పంపి ఉంటే ఆ రిపోర్టు, స్లైడ్లు, మైనపు బ్లాకులు అడిగి తీసుకుని ఇంట్లో భద్రంగా ఉంచండి. జబ్బు నయమైన పిల్లల్లో కూడా కొందరికి ఒకటి రెండేళ్లలో మరో ఎముకలో తిరిగి రావచ్చు. అప్పుడు కొత్త డాక్టరు మొదట అడిగేది వాటినే.